తాతబ్బాయి గారి పచ్చిక

దేవుడు తెలివి పంచిపెట్టడానికి బండి కట్టుకుని బయల్దేరినప్పుడు మండపేటలో తమ ఇంటి ముందు ఆ బండి ఆగిందని తాతబ్బాయి గట్టి నమ్మకం. ఆగిన మాట నిజమే కావచ్చు. బస్తా దింపారో, ఎడ్లకి కుడితి పెట్టుకుని వెళ్ళిపోయారో మాత్రం ఎవరూ చూడలేదు. ఆ ఇంటితో వియ్యమందినవాళ్ళం కనుక ఈ కథ చెప్పే హక్కు మాకుంది. అన్నీ తెలిసే వియ్యమందాం, మా తెలివెంతో మీరే లెక్కగట్టుకోండి.

ఆ ఇంట్లో నలుగురు. తాతబ్బాయి, ఆయన భార్య వెంకాయమ్మ, తమ్ముడు బుల్లబ్బాయి, తల్లి అచ్చియ్యమ్మ. నలుగురిదీ ఒకటే గొప్ప. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఒక అక్షరం కలపరు, ఒక అక్షరం తియ్యరు. "లోకంలో పనులన్నీ ఎందుకు చెడుతున్నాయో తెలుసా? చెప్పిన మాటకి ఎవడికి వాడు సొంత బుర్ర కలపడం వల్లే! మన ఇంట్లో ఆ కల్తీ లేదు," అనేవాడు తాతబ్బాయి. నిజమే, సొంత బుర్ర కలిపిన పాపాన ఎవరూ పోలేదు.

అచ్చియ్యమ్మకి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. డాక్టరు చూసి, "మామ్మగారూ, చెప్పుల్లేకుండా పచ్చిక మీద నడవండి," అన్నాడు. అంతే! ఆవిడ పచ్చిక మీద తప్ప ఇంకెక్కడా నడవడం మానేసింది. వంటింట్లోకి వెళ్ళాలన్నా, వాకిట్లోకి రావాలన్నా కొడుకులిద్దరూ కుర్చీతో సహా ఎత్తుకుని మోసేవారు. "డాక్టరు గచ్చు మీద నడవమన్నాడా? అనలేదుగా?" అనేది ఆవిడ. ఆ మాటకి ఎదురు చెప్పేంత తెలివితక్కువవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

పది రోజులు మోసేసరికి అన్నదమ్ముల నడుములు పట్టేశాయి. ఇంకేముంది, కడియంలో నర్సరీ ఉన్న గంగాధరాన్ని పిలిచి, ఇంటిముందు ఖాళీ స్థలంలో పచ్చిక వేయించారు. చాపల్లా చుట్టలు చుట్టి తెచ్చిన గడ్డిని పరిచి వెళ్ళాడాయన. నెల రోజులు అచ్చియ్యమ్మ దాని మీద మహారాణిలా తిరిగింది. అమ్మ నడుస్తూంటే తాతబ్బాయి అరుగు మీద కూర్చుని చూసి మురిసిపోయేవాడు. యాభై రెండేళ్ళు వచ్చినా అమ్మ కలిపి పెట్టిన ఆవకాయ ముద్ద తింటేగాని ఆయనకి తెల్లారినట్టుండదు. అమ్మంటే అంత ప్రాణం.

ఒక సోమవారం పొద్దున్న అచ్చియ్యమ్మ కెవ్వుమంది. అరికాల్లో పల్లేరుకాయ దిగింది. వంగి చూస్తే ఏముంది, పచ్చిక నిండా నేలని కరుచుకుని పల్లేరు తీగలు, వాటి మధ్య నిగనిగలాడుతూ తుంగ!

"ఒరే తాతబ్బాయ్! ఆదివారానికి ఈ కలుపు పోయి నేను కాలు పెట్టే చోటు ఉండాలి. లేదా, తుని నుంచి మీ చెల్లొచ్చి నన్ను తీసుకుపోద్ది. వాళ్ళింటి పక్కన పార్కుందంట. ఇంక అక్కడే ఉండిపోతాను," అంది.

తాతబ్బాయికి అమ్మ లేని ఇల్లు తల్చుకుంటేనే కళ్ళ నీళ్ళు తిరిగాయి. పరుగున వెళ్ళి గంగాధరానికి ఫోన్ చేశాడు.

"కంగారు పడకండి తాతబ్బాయి గారూ. గడ్డి కానిది ఏది తలెత్తి కనబడినా పీకి పారేయండి, అంతే," అన్నాడు గంగాధరం.

నలుగురూ వాకిట్లో సమావేశమయ్యారు.

"తుంగ గడ్డేనా వదినా?" అన్నాడు బుల్లబ్బాయి.

"గడ్డి కాకపోతే గోంగూరా?" అంది వెంకాయమ్మ.

"అయితే దాన్ని ముట్టుకోకూడదు. మరి పల్లేరు?"

తాతబ్బాయి నేలమీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూశాడు. "గడ్డి కాదు నిజమే. కానీ తలెత్తలేదురా, పడుకునుంది. తలెత్తినవాటినే పీకమన్నాడు. పాపం, పడుకున్నదాన్ని పీకడం ధర్మం కాదు."

గడ్డి కాకుండా తలెత్తినవి ఏమిటా అని చూస్తే కరివేపాకు చెట్టు కనబడింది. పీకారు. కనకాంబరాలు కనబడ్డాయి. పీకారు. బట్టలారేసుకునే తీగ కట్టిన రాటలు రెండూ పీకారు, ఉతికిన దుప్పట్లు మట్టిలో పడ్డాయి. చివరికి కుళాయి మిగిలింది.

"ఇది గడ్డా?" అన్నాడు తాతబ్బాయి.

"కాదండి," అంది వెంకాయమ్మ.

"తలెత్తిందా?"

"నడుం దాకా ఎత్తిందండి!"

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ "హైలెస్సా" అని ఒక్క గుంజు గుంజారు. కుళాయి చేతికొచ్చింది, నీళ్ళు ఇంటికప్పు దాకా లేచాయి. మునిసిపాలిటీ మనిషి వచ్చి గొట్టానికి బిరడా కొట్టేసరికి సాయంత్రమైంది. తుంగకి నీళ్ళంటే పండగ. మర్నాటికి చీలమండ దాకా పెరిగింది. పల్లేరు కూడా హాయిగా కాళ్ళు చాపుకుంది.

మళ్ళీ ఫోన్. గంగాధరం అవతల తల కొట్టుకున్న చప్పుడు వినబడింది. "అయ్యా, తుంగా పల్లేరూ కూడా పీకాల్సిందేనండి. కాకపోతే పల్లేరు కాయలు పండిపోయుంటాయి. కాయ రాలకముందే కోసెయ్యండి. రాలిందా, మళ్ళీ మొలిచి కూర్చుంటాది."

"రాలకముందే అన్నాడు. అంటే రాలబోతున్నప్పుడన్నమాట. ఎప్పుడో ముందు కోస్తే అది తొందరపాటు, తర్వాత కోస్తే ఆలస్యం. సరిగ్గా ముందు కొయ్యాలి," అని తీర్మానించాడు తాతబ్బాయి.

వెంకాయమ్మ కత్తెర పట్టుకుని ఒక కాయ ముందు కూర్చుంది. బుల్లబ్బాయి ఇంకో కాయ ముందు. తాతబ్బాయి మూడోదాని ముందు. అచ్చియ్యమ్మ అరుగు మీద కుర్చీలోంచి, "రెప్ప వెయ్యకండ్రా!" అని కేకలేస్తూంది. మంగళవారమంతా అలాగే కూర్చున్నారు. వంటలేదు, వార్పులేదు. బుధవారం మధ్యాహ్నం వెంకాయమ్మకి ముక్కు దురద పెట్టింది.

"ఏవండీ, తుమ్ము వత్తంది. తుమ్మనా మాననా?"

"కాయనడుగు, నన్నడుగుతావేం?"

కాయ పలకలేదు. వెంకాయమ్మ తుమ్మింది. ఆ అదురుకి ఎండిన కాయలన్నీ జలజలా రాలిపోయాయి. ముగ్గురూ ఒక్కసారే కత్తెరలు ఆడించారు గానీ అప్పటికి తీగలే మిగిలాయి. "వెంట్రుకవాసిలో తప్పిపోయింది," అన్నాడు తాతబ్బాయి. ఆ వెంట్రుకవాసికే ఆయన సాయంత్రం దాకా గర్వపడ్డాడు.

కోసిన తీగలూ పీకిన తుంగా కలిపి గోనెసంచి నిండింది. దాన్నేం చెయ్యాలని అడిగితే, "పక్కనే పడేస్తే మళ్ళీ నాటుకుంటాదండి, దూరంగా పారేయించండి," అన్నాడు గంగాధరం. ఆ పని బుల్లబ్బాయికి పడింది. గురువారం పొద్దున్నే సంచి నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు.

రామచంద్రపురంలో దిగి కిళ్ళీకొట్టు వాణ్ణడిగాడు. "బాబూ, ఇది దూరమేనా?"

"ఏం దూరమండీ, ఇక్కడేగా!" అన్నాడు వాడు. బుల్లబ్బాయి మళ్ళీ బస్సెక్కాడు. కాకినాడలో అడిగితే అక్కడివాళ్ళూ అదే మాట. పిఠాపురంలోనూ అంతే. చివరికి తునిలో దిగి, ఒక టీకొట్టతన్ని అడిగాడు.

"ఇది దూరమెందుకవుద్దండీ, ఊరు నడిబొడ్డిది! ఇంతకీ తమరెక్కణ్ణుంచి?"

"మండపేటండి."

"బాబోయ్, మండపేటా! చాలా దూరమండీ అది!"

బుల్లబ్బాయికి జ్ఞానోదయమైంది. పొద్దుట్నుంచి వెతుకుతున్న దూరం ఎక్కడో కాదు, సొంతూళ్ళోనే ఉంది! టీకొట్టతనికి దణ్ణం పెట్టి, అవే బస్సులెక్కి వెనక్కొచ్చి, ఆ సంచి తీసుకొచ్చి సొంత వాకిట్లో బోర్లించాడు. ఇంకా చాలా దూరంగా ఉండాలని నాలుగు మూలలకీ వెదజల్లాడు కూడా.

శుక్రవారం పొద్దున్న తాతబ్బాయి లేచి చూస్తే పచ్చికలో పచ్చిక తప్ప అన్నీ ఉన్నాయి. అరుగు మీద కూలబడి గావురుమన్నాడు. "నా అంత తెలివితక్కువ సన్నాసి ఈ జిల్లాలో లేడే వెంకాయమ్మా! అమ్మ కాళ్ళకింద గుప్పెడు గడ్డి నిలబెట్టలేకపోయాను. ఎల్లుండి అమ్మెళ్ళిపోద్ది!" అని కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. ఆ ఏడుపులో కల్తీ లేదు. వెంకాయమ్మ కొంగుతో ఆయన కళ్ళు తుడిచి, "ఊరుకోండి. తెలివితక్కువని మీ అంతట మీరే కనిపెట్టారంటే ఎంత తెలివుండాలండీ!" అంది. ఆ మాటతో ఆయనకి కొంచెం ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నానికి గంగాధరమే కొత్త గడ్డి చుట్టలు వేసుకుని ఆటోలో వచ్చాడు. వాకిలి చూసి రెండు చేతులూ జోడించాడు. "అయ్యా, దణ్ణం పెడతాను, జాగ్రత్తగా వినండి. ఈసారి కలుపు గింజన్నది ఒక్కటి కూడా లేని చోట పరవండి. పైనుంచి ఎండ బాగా తగలాలి. నీళ్ళు చిలకరించండి చాలు, ఎక్కువ తడిస్తే కుళ్ళిపోద్ది. ఇంక నాకు ఫోన్ చెయ్యకండి."

ఆయన వెళ్ళగానే నలుగురూ వాకిలంతా గాలించారు. ఎక్కడ గుప్పెడు మట్టి తీసినా తుంగ గడ్డో, పల్లేరు కాయో. వెంకాయమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, "గింజ లేని చోటంటే ఈ ఇంట్లో ఒకటే ఉందండి. నేను రెండుపూటలా ఊడ్చే సావిడి. గింజ కాదు, నలుసు చూపించండి చూద్దాం!" అంది.

అంతే! మంచాలూ బీరువా వాకిట్లో పడ్డాయి. సావిట్లో గచ్చు మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పచ్చిక పరిచేశారు. అచ్చియ్యమ్మని కుర్చీలోంచి దింపితే తిన్నగా గడ్డి మీదే కాలు. ఆవిడ నాలుగడుగులు వేసి, పసిపిల్లలా నవ్వి, తాతబ్బాయి తల నిమిరింది.

"అన్నయ్యా, మరి ఎండో?" అన్నాడు బుల్లబ్బాయి.

శనివారం పొద్దున్న నిచ్చెన వేసి, అన్నదమ్ములిద్దరూ సావిడి మీద పెంకులన్నీ ఒక్కొక్కటే దింపేశారు. పన్నెండయ్యేసరికి వాసాల సందుల్లోంచి ఎండ సావిడంతా పరుచుకుంది. పెంకులు వరుసగా అరుగు మీద పేర్చారు. ఇంత తెలివైన పని వాళ్ళ వంశంలో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదని నలుగురూ ఒప్పుకున్నారు. మేమూ ఒప్పుకుంటాం.

ఆదివారం తుని నుంచి చెల్లెలు సత్యవేణి దిగింది. గుమ్మంలో నిలబడి పైకి చూసింది, కిందికి చూసింది, సంచీ జారవిడిచేసింది.

"అన్నయ్యా! ఇంటికి కప్పేదిరా?"

"దింపేశామమ్మా. ఎండకి అడ్డొస్తంది."

"అమ్మా, ఈ పిచ్చాళ్ళ మధ్య నువ్వొక్క పూట ఉండద్దు. పద, మా ఇంటికి పోదాం!"

అచ్చియ్యమ్మ పచ్చిక నడిమధ్య నిలబడి మెటికలు విరిచింది. "నేను రాను. ఇక్కడ నా కొడుకులు నాకు ఇంట్లో పచ్చిక వేశారు. మీ ఇంట్లో ఏముందే, కప్పు తప్ప!"

అమ్మ ఉండిపోతోంది! తాతబ్బాయి తమ్ముణ్ణి కావలించుకుని గెంతాడు. సరిగ్గా అప్పుడే తూర్పున ఉరిమింది. టప్పున ఒక చినుకు ఆయన ముక్కు మీద పడింది.

"ఒరే, వాన! గడ్డి తడిస్తే కుళ్ళిపోద్దన్నాడు. పచ్చిక పోతే అమ్మ పోద్ది! పెంకులు కప్పండ్రా, పెంకులు!" అని అరిచాడు.

"హమ్మయ్య, ఇప్పటికి బుద్ధొచ్చింది," అని సత్యవేణి నిచ్చెన తెచ్చి గోడకి వేసింది. ఆ నిచ్చెన వైపు ఎవరూ చూడలేదు. ముగ్గురూ అరుగు మీంచి పెంకులు మోసుకొచ్చి పచ్చిక మీద పరవడం మొదలుపెట్టారు. ఆ మూల నుంచి ఈ మూల దాకా, ఒక దాని అంచు మీద ఇంకోటి, వడ్రంగి కూడా వంక పెట్టలేనంత పొందిగ్గా. వాన కుంభవృష్టిగా దిగేసరికి పచ్చికంతా కప్పబడిపోయింది. అచ్చియ్యమ్మ నిలబడ్డ జానెడు చోటు ఒక్కటే మిగిలింది.

చివరి పెంకు చేత్తో పట్టుకుని తాతబ్బాయి ఆగిపోయాడు. "అమ్మా, కాళ్ళు తియ్యి."

"ఎక్కడ పెట్టుకోనురా? గడ్డి ఇక్కడే ఉంది."

తాతబ్బాయి ఆలోచించాడు. వెంకాయమ్మ ఆలోచించింది. బుల్లబ్బాయి కూడా ఆలోచించాడు. వాన నెత్తిన దంచుతూనే ఉంది. అప్పుడు తాతబ్బాయి మొహం వెలిగిపోయింది. ఆ చివరి పెంకు తీసుకెళ్ళి, జాగ్రత్తగా, వంకర లేకుండా అమ్మ నెత్తి మీద పెట్టాడు.

అచ్చియ్యమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, తడిసి ముద్దయిపోతూ, కూతురి వైపు గర్వంగా తిరిగింది.

"ఏమే సత్యవేణీ, కప్పేదీ అన్నావు కదా? చూసుకో!"