సన్నేటిగట్టు వేలిగుంటమ్మ, చెప్పుల అరుగు

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నర. రాత్రి కురిసిన వానకు మెట్లు ఇంకా తడిగా ఉన్నాయి. ఎండ లేదు. సన్నేరు ఎర్రగా పారుతోంది.

సన్నేటిగట్టుకు రెండు వైపులా మెట్లున్నాయి. భక్తులు పడమటి వైపు నలభై రెండు మెట్లెక్కి వస్తారు. పైన చిన్న గుడి, ముందు రేకుల మండపం. లోపల అమ్మవారికి ముఖం లేదు, చేతులు లేవు. నల్లరాతి మీద రెండు పాదాలు, మోకాళ్ళ వరకు కాళ్ళు మాత్రమే ఉంటాయి. ఎడమ కాలి మీద, చీలమండకు జానెడు పైన, బొటనవేలు పట్టేంత గుంట ఉంది. అందువల్ల అమ్మవారికి వేలిగుంటమ్మ అని పేరు.

గర్భగుడి గడప పక్కన ఒక రాతి అరుగు ఉంది. దాని మీద ఆడవాళ్ళ చెప్పులుంటాయి. చెప్పులు గుడిలోకి తేకూడదంటారు. ఇక్కడ తెస్తారు. ఎందుకో యాత్రికులు తరచుగా అడుగుతుంటారు కనుక ఈ గుడి పుస్తకంలో రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గట్టు కింద పది పన్నెండు ఇళ్ళుండేవి. వాటిలో ఒక ఇంట్లో పేరిందేవమ్మ అనే ఆమె ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు, పున్నమ్మ. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెలలో సీమంతం పెట్టుకున్నారు.

గాజులు వేయడానికి ఓబన్న వచ్చాడు. పున్నమ్మకు పుట్టువెంట్రుకలు తీసిన నాటి నుంచి గాజులు వేసింది అతనే. గాజుల మలారం భుజం మీంచి దించి, ఆమె చెయ్యి పట్టుకుని, మెత్తబడడానికి అరచేతిని నొక్కాడు. గాజు ఎక్కలేదు. మళ్ళీ నొక్కాడు. తరువాత చెయ్యి వదిలి చూస్తూ కూర్చున్నాడు.

"ఏమయ్యా, కొలత మరిచావా?" అంది పేరిందేవమ్మ.

"కొలత మరవలేదమ్మా. ఇది నేనెరిగిన చెయ్యి కాదు. నా వేలు దిగిన చోట గుంట అట్లాగే ఉంది, చూడండి. కాలు కూడా ఒకసారి చూడండి."

"బిడ్డ నిండుగా ఉంది, అంతే. ఏడో నెల. నీరు పట్టకపోతే ఎట్లా? పెద్ద కొలత తియ్యి."

పేరంటాళ్ళు నవ్వారు. ఒకామె, "ఓబన్నా, నీకు ఎన్నో నెల?" అంది. అందరూ ఇంకా నవ్వారు.

ఓబన్న నవ్వలేదు. "తల్లీ, ఏటవతల మంత్రసాని రావమ్మ ఉంది. ఈ పూటే చూపించండి" అన్నాడు.

"కడుపుతో ఉన్న పిల్లను ఏరు దాటించమంటావా? అదీ శుభం పూట?" అని పేరిందేవమ్మ కోప్పడింది. కుంకుడు నురుగు రాసి, తానే కూతురి చేతికి గాజులెక్కించింది. చేతికి డజను. ఒక్కటీ చిట్లలేదని సంతోషించింది.

అప్పుడే పున్నమ్మ, "అమ్మా, తల పగిలిపోతోంది. కళ్ళముందు మిణుగురులు తిరుగుతున్నాయి" అంది.

దిష్టి అన్నారు. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. దగ్గు తెప్పించే కోరు రాలేదు. కోరు రాలేదంటే దిష్టి తగిలినట్టేనని, అది పోయిందని నమ్మారు. పిల్లను పడుకోబెట్టి వడ్డనకు లేచారు.

విస్తళ్ళు తీయకముందే ఆమెకు మూర్ఛ వచ్చింది. నాలుక కొరుక్కుంది. గాలి సోకిందని ఒకరు, గ్రహమని ఒకరు అన్నారు. ఓబన్న మలారం అక్కడే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా ఏరు దాటి పరుగెత్తాడు. రావమ్మను వెంటబెట్టుకుని వచ్చేసరికి పొద్దు గుంకలేదు. కానీ పున్నమ్మ లేదు. కడుపులో బిడ్డా లేదు. వేళకు వచ్చి ఉంటే రావమ్మ నిలబెట్టేదో లేదో ఎవరమూ చెప్పలేము. పిలవలేదు, అంతవరకే తెలుసు.

స్నానం చేయించేటప్పుడు గాజులు రాలేదు. పగలగొట్టారు. కాలు పట్టుకుని నీళ్ళు పోస్తున్న పేరిందేవమ్మ చేయి తీసి చూసుకుంది. ఆమె బొటనవేలి గుంట కూతురి కాలి మీద ఉంది. అది పైకి లేస్తుందని చూసింది. లేవలేదు.

గుమ్మం దగ్గర పున్నమ్మ చెప్పులు మిగిలాయి. పేరిందేవమ్మ వాటిని పట్టుకుని గట్టెక్కింది. అన్నం ముట్టలేదు. పదకొండో నాటి తెల్లవారుజామున కునుకు పట్టింది. కలలో ఒక ఆమె ఉబ్బిన కాళ్ళతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"నొక్కి చూడు" అంది.

పేరిందేవమ్మ నొక్కింది. వేలు దిగింది.

"ఇక నుంచి చూడు. కానీ నీ పిల్ల కాళ్ళు నువ్వు చూడొద్దు. తల్లి కంటికి వాపు నిండుతనంగా కనిపిస్తుంది. ఊళ్ళో పిల్లల కాళ్ళు నువ్వు చూడు. నీ ఇంటి పిల్లను పక్కింటి తల్లి చూస్తుంది."

పొద్దున మేకలు తోలుకొచ్చిన కాపరి నల్లరాతి మీద కాళ్ళు వెలిసి ఉండడం చూశాడు. పేరిందేవమ్మ వేలు రాతి గుంటలో ఉంది. పక్కన చెప్పులున్నాయి.

నాటి నుంచి ఐదో నెల దాటిన గర్భిణులు మంగళవారాల్లో ఈ గట్టుకు వస్తున్నారు. మండపంలో వరుసగా కూర్చుంటారు. కన్నతల్లి కాక వేరొక తల్లి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, పది లెక్కపెట్టి తీస్తుంది. తల నొప్పిగా ఉందా, కళ్ళముందు మెరుపులున్నాయా, బిడ్డ కదులుతోందా అని అడుగుతుంది. కాళ్ళు ఉబ్బని వాళ్ళకూ రక్తపోటు పెరుగుతుందని ఆస్పత్రి నుంచి వచ్చే నర్సమ్మ చెప్పడం వల్ల కొన్నేళ్ళుగా అందరికీ బీపీ మిషను కూడా పెడుతున్నారు. అది అమ్మవారి పక్కనే ఉంటుంది. దానికీ బొట్టు పెట్టారు.

అన్నీ బాగుంటే ఐదు గాజులు వేసి పంపుతారు. లేకపోతే గాజులు వేయరు. ఆమె చీర మార్చుకోవడానికి కూడా ఇంటికి పోకూడదు. తూర్పు మెట్లు దిగి, వంతెన మీద ఏరు దాటి, నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి. కడుపుతో ఉన్నవారు ఏరు దాటకూడదనే మాట ఇక్కడ చెల్లదు. పడమటి మెట్ల దగ్గర ఆమె విడిచిన చెప్పులు తెచ్చి అరుగు మీద పెడతారు. క్షేమంగా వచ్చి ఆమే తొడుక్కోవాలి.

ఆ వరుసలో పందొమ్మిదేళ్ళుగా నేనూ కూర్చుంటున్నాను. యాత్రికులకు పున్నమ్మ కథ చెప్పేది నేనే.

పోయిన శ్రావణంలో మా అమ్మాయి ప్రసూన ఏడో నెలతో వచ్చింది. పక్కింటి మస్తానమ్మ దాని కాలు నొక్కింది. పది లెక్కపెట్టింది. వేలు తీసి నావైపు చూసింది.

"వదినా, ఇది లేవడం లేదు."

నేను అన్నాను, "బిడ్డ నిండుగా ఉంది, అంతే. ఏడో నెల. నీరు పట్టకపోతే ఎట్లా?"

వరుసలో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. నేనేమన్నానో నాకు అప్పుడు వినిపించింది.

"అమ్మా, నిన్నటి నుంచి తలనొప్పిగా ఉంది. చెబితే దిష్టి తీస్తానంటావని చెప్పలేదు" అంది ప్రసూన.

బీపీ నూట డెబ్బై, నూట పది. నర్సమ్మ మళ్ళీ పెట్టింది. అంతే వచ్చింది. "లేవండి" అంది. మస్తానమ్మే నా పిల్లను పట్టుకుని తూర్పు మెట్లు దిగింది. నేను వెనక దిగాను.

రెండో రోజు కడుపు కోసి బిడ్డను తీశారు. కిలో నాలుగు వందల గ్రాములు. ఏడుపు వినపడలేదు. గాజు పెట్టెలో పెట్టారు.

వేలిగుంటమ్మ జబ్బు తీసేస్తుందని మేము చెప్పము. చూడమంటుంది. చూసిన తరువాత ఆలస్యం చేయవద్దంటుంది. గర్భిణులు గట్టెక్కినా, ఎక్కలేకపోయినా, ఏ ఊళ్ళో ఉన్నా, తమ కాలు ఎవరికైనా చూపించుకోవాలి. బీపీ చూపించుకోవాలి. అలా చేసిన ఇంట అమ్మవారు ఉంటుందని పెద్దల మాట.

పోయిన శ్రావణం నుంచి నేటి వరకు తూర్పు మెట్లు దిగినవారు పదకొండు మంది. పదకొండు జతల చెప్పులూ అరుగు మీద నుంచి వెళ్ళాయి. తల్లులు పదకొండు మందీ ఇల్లు చేరారు. బిడ్డలు పది మంది. గొల్లపాలెం సుగుణ బిడ్డ లేకుండా ఒక్కతే వచ్చి చెప్పులు తొడుక్కుంది. ఆ రోజు వరుసలో ఉన్నవాళ్ళమంతా లేచి ఆమెతో కింది దాకా నడిచాము.

ప్రసూన తొమ్మిదో రోజున ఇంటికి వచ్చింది. దాని చెప్పులు మాత్రం బిడ్డ వచ్చేదాకా తొడుక్కోనంది. పాప నలభై ఒకటో రోజున వచ్చింది.

ఈ ఉదయం గట్టుకు బయలుదేరే ముందు మళ్ళీ చూశాను. మంచం మీద ఒకరు, ఊయలలో ఒకరు. ఇద్దరూ ఉన్నారు.