సూది దూరని నాలుగు గిన్నెలు

హంఘుడి గంట వినబడితే చాలు, చందముఖుడికి ఒళ్ళు మండిపోయేది.

కృష్ణ ఒడ్డున ఆ కొండ మీద అయిదు విహారాలు. మిట్టమధ్యాహ్నం దాటాక భిక్షువు మెతుకు ముట్టకూడదు గనుక, ప్రతి విహారంలోనూ పొద్దు కొలిచే రాగిగిన్నె ఒకటి ఉండేది. గిన్నె అడుగున సన్నని చిల్లు. నీళ్ళతొట్టిలో వదిలితే గడియకోసారి నిండి మునిగేది. తెల్లవారగట్ల అరచేతి గీతలు కంటికి ఆనిన క్షణం నుంచి లెక్క. పదిహేనోసారి మునగగానే గంట కొడతారు. ఇక నోట్లో ముద్ద నోట్లోనే, చేతిలో ముద్ద చేతిలోనే.

అయిదు గిన్నెలనూ ఒకే కంచరి, ఒకే రోజున, ఒకే సూదితో పొడిచి ఇచ్చాడు. అలాంటిది, నాలుగు గంటలు కలిసి మోగుతుంటే, కొండకొమ్ము విహారంలో గిన్నె చూసే హంఘుడి గంట గడియ ముందే మోగేది. ఎండ ఉంటే నీడ చూసి తేల్చుకోవచ్చు. ఆ ఏడు మూడు నెలలు సూర్యుడు మొహమే చూపలేదు. అదేం ముసురంటే, చేపలు మెట్లెక్కి విహారంలోకి వచ్చి పడుకునేవట.

ఆ గంటల పెత్తనం చందముఖుడిది. సామాన్యుడు కాదు. దొన్నెలో జావ పోయించుకుని, అయిదు విహారాలూ ఎక్కి దిగి వచ్చేసరికి జావ ఇంకా పొగలు కక్కుతూ ఉండేది. అతడు గొంతెత్తితే ఏటి నడుమ పడవలు ఆగిపోయేవి. అంతటివాడి మాటను ఆ ముసలాయన గిన్నె ఖాతరు చెయ్యలేదు.

"హంఘ భంతే, మీ గిన్నెకు ఎందుకంత తొందర?"

"నాకైతే లేదు నాయనా. నా మోకాళ్ళను అడుగు."

హంఘుడికి డెబ్బై దాటాయి. కొండ కిందున్న బావి దాకా దిగలేడు. తాగడానికైనా, గిన్నె తేల్చడానికైనా చూరునీళ్ళే పట్టుకునేవాడు.

"మీ వల్ల పదిమంది సగం కడుపుతో లేస్తున్నారు."

"సగమైనా మెత్తగా తింటున్నారు. మీ ఉలవలు తిన్నవాడికి పళ్ళుంటాయా?"

ఆ మాట మాత్రం అబద్ధం కాదు. కింది నాలుగు విహారాలకూ ఆ బావినీళ్ళే. వాటిలో తెల్లవారి పొయ్యి మీద పెట్టిన ఉలవలు మధ్యాహ్నానికి కూడా గులకరాళ్ళలా ఉండేవి. ఒక గింజ విసిరితే ఎగిరే కాకి కింద పడిందని ప్రతీతి. వంటకుండల లోపల తెల్లటి పెచ్చు వేలెడు మందాన పేరుకుపోయేది.

చందముఖుడి ఓపిక చచ్చిపోయింది. సంఘం అభిప్రాయం అడిగే పద్ధతి ఉంది గదా. ఒప్పుకున్నవాడు ఒక వెదురుపుల్ల ఇస్తాడు. యాభై మందిలో నలభై మంది ఇచ్చారు. హంఘుడు గిన్నె వదిలి, కొండ దిగి, కింద ఏటి ఒడ్డునున్న ఒంటరి గుహలో ఉండాలి. ఆ ముసురులో, ఆ మోకాళ్ళతో.

ఇక అయిదు విహారాలకూ పెద్దయిన మహాస్థవిరుడు నాగబోధి ఊఁ అనడమే మిగిలింది. మొదటిరోజు చందముఖుడు వెళ్తే, ఆయన కప్పు ఎక్కడెక్కడ కురుస్తోందో చూపించాడు. రెండోరోజు వింటూ వింటూ కునుకు తీశాడు. మూడోరోజు పొద్దున చందముఖుడు పుల్లల కట్ట ఆయన ముందు పెట్టి పళ్ళు కొరికాడు.

"నాలుగు గిన్నెలది ఒక మాట భంతే, ఒక గిన్నెది ఒక మాట. నలభై పుల్లలు ఇవిగో. ఇంకేం కావాలి మీకు?"

నాగబోధి చీవరాలు కుట్టుకునే మూట విప్పి, తాపీగా వెతికి, ఒక సూది తీశాడు.

"ఆనాటి కంచరి సూది. చిల్లుల్లో పెట్టి చూసి రా."

ఇదొక పనా అనుకుంటూనే చందముఖుడు సూదీ పుల్లలూ నడుముకు చెక్కుకుని పరిగెత్తాడు.

మొదటి విహారంలో గిన్నె మునగగానే పైకి తీసి చూశాడు. సూది దూరలేదు. తొందరలో సరిగ్గా పెట్టలేదనుకున్నాడు. రెండోదానిలోనూ దూరలేదు. మూడో విహారంలో కళ్ళు నులుముకుని చిల్లును వెలుతురుకు ఎత్తిపట్టాడు. దాని అంచు చుట్టూ తెల్లటి పెచ్చు. నాలుగోదీ అంతే.

కొండకొమ్మున హంఘుడు గిన్నె అందించాడు. సూది దూరింది. వదులు లేదు, బిగువు లేదు.

చందముఖుడు ఈసారి నడిచే దిగాడు. నాగబోధి ముందు నిలబడ్డాడు.

"నలుగురూ వేరువేరు మనుషులు భంతే. ఒకరి గిన్నె ఒకరు ముట్టుకోరు. నాలుగూ ఒకేలా ఎలా పూడుకుపోతాయి?"

నాగబోధి చెయ్యి చాచి సూది తీసుకుని మూటలో పెట్టుకున్నాడు.

"ఇవాళైనా మీ ఉలవలు ఉడికాయా?"

అంతే. మళ్ళీ చిరిగిన చీవరం మీదికి వంగాడు.

చందముఖుడు తన విహారానికి వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. వేడి అన్నం వడ్డించారు. మొదటి ముద్ద నోటి దాకా వెళ్ళింది. కొండకొమ్మున హంఘుడి గంట మోగింది.

పంక్తిలో రోజూలాగే నవ్వులు లేచాయి.

"ముసలాయన మొదలుపెట్టాడు," అన్నాడు పక్కనున్న భిక్షువు. "మన గంటకు ఇంకా గడియ ఉంది, తిను."

ముద్ద వెనక్కి దిగింది. మూడు నెలలు ఇదే వేళకు, ఇదే నవ్వుతో, ఎన్ని ముద్దలు తిన్నాడో లెక్క కట్టబోయి ఆగిపోయాడు. పాత్రకు మూతపెట్టి, వంటశాలలోకి నడిచాడు.

ఉలవలు ఇంకా కుతకుతమంటున్నాయి. నడుముకున్న నలభై పుల్లలూ తీసి పొయ్యిలోకి తోశాడు. మంట భగ్గుమని లేచింది.

వంటవాడు విసుగ్గా చూశాడు.

"బండెడు తోసినా అంతే భంతే. ఈ నీళ్ళకు ఉడకవు."