ఆపితే పనిచేసే యాప్

వినీల రాసిన యాప్ ఆపితే పనిచేస్తోంది. వదిలేస్తే చెడిపోతోంది.

కాకినాడ వేట బోట్లవాళ్ళ కోసం రాసిందది. ఫోన్లో నొక్కగానే సముద్రం మీద గాలి హెచ్చరిక కనపడాలి. ఇవాళ సాయంత్రం బోట్లవాళ్ళే వచ్చి చూస్తారు. నొక్కితేనేమో తెల్లగా ఖాళీ తెర.

తప్పెక్కడుందో పట్టుకుందామని కోడ్‌లో ఒక లైను పక్కన ఎర్ర చుక్క పెట్టింది. అదే బ్రేక్‌పాయింట్. ప్రోగ్రాం అక్కడ బుద్ధిగా ఆగింది. లోపల చూస్తే హెచ్చరిక అక్షరం పోకుండా ఉంది. చుక్క తీసేసింది. మళ్ళీ ఖాళీ.

"మాస్టారూ, ఇది నన్ను చూసి నటిస్తోందండీ!"

పని నేర్పే గవర్రాజు మాస్టారికి నత్తి. మాట బయటికి రావడానికి కాస్త టైం పడుతుంది. వినీలకేమో ఆగడం చేతకాదు. చేరిన దగ్గర్నుంచీ ఆయన మాటలన్నీ ఈ పిల్లే పూర్తిచేస్తోంది, సగం తప్పుగా. ఆయన నవ్వి ఊరుకుంటారు.

మాస్టారు తెర చూశారు. తర్వాత ఆమె మొహం చూశారు. కుర్చీ దగ్గరకి లాక్కున్నారు.

"సా... సాయంత్రం బో... బో..."

"బోట్లవాళ్ళని రావద్దందామా?"

తల అడ్డంగా ఊపారు. "వా... వాళ్ళ ముందు ను... ను..."

"నువ్వుండొద్దంటారు, అంతేగా?" వినీల కుర్చీ వెనక్కి తోసి లేచింది. "తెలుసండీ. ఈ పని ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఇచ్చేయండి!"

బ్యాగు సర్దబోయింది. మాస్టారు ఆ బ్యాగు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు. తన పెదాల మీద వేలు పెట్టుకుని, అదే వేలు ఆమె వైపు చూపించారు.

వినీల నోరు మూసుకుంది.

ఫ్యాను తిరుగుతోంది. కింద వీధిలో కాజాల బండి పాట పెట్టుకుని వచ్చి, పాటతో సహా వెళ్ళిపోయింది. మాస్టారి మెడ నరం బిగిసింది, వదిలింది, మళ్ళీ బిగిసింది. వినీల నాలిక చివర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మింగేసింది.

"ను... నువ్వే మాట్లాడు. నా... నాకంటే బా... బాగా చెబుతావు."

వినీల కళ్ళు తుడుచుకుని కోడ్ వైపు తిరిగింది. హెచ్చరిక పంపమని సర్వర్‌ని అడిగే లైను. దాని కిందే, జవాబు వచ్చిందా లేదా అని చూడకుండా తెర గీసేసే లైను. చుక్క పెట్టి ఆపినప్పుడే ఆ రెండింటి మధ్యా జవాబు వచ్చే తీరిక దొరుకుతోంది.

"అయ్యో పాపం, నీకూ ఆగడం చేతకాదా" అంది యాప్‌తో.

మాస్టారికి నవ్వొచ్చింది. ఏదో అనబోయారు, మాట రాలేదు.

వినీల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.