వీరభద్రుడి మోకాలు

ఆ రాజుగారికి చెడుగుడంటే ప్రాణం. నీళ్లతొట్టిలో వదిలిన చిల్లుగిన్నె మునిగిందంటే ఆట ముగిసినట్టే. ఆ రోజు దివానుగారి జట్టుది కాస్త పైచేయి. ఇంకేం, గిన్నె మునిగేదాకా కాలం గడిపేద్దామని ఆ జట్టువాళ్లు ఒకరి తర్వాత ఒకరు మోకాలు పట్టుకుని పడిపోసాగారు.

"నిరుడు పులుల్లా ఆడారు. ఇది మన జట్టేనా?" అన్నాడు ఆట చూస్తున్న కుమ్మరి సోమయ్య.

"ఆటకంటే పడుకోవడమే ఎక్కువైంది," అని పళ్లు కొరికాడు పక్కనున్న బుడ్డయ్య. విరిగిన ఎముకలకు కట్లు కట్టడం అతని పని.

ఇంతలో దివాను జట్టులోని వీరభద్రుడు కూలబడి "అమ్మో, మోకాలు!" అన్నాడు.

"అంతా నటన మహారాజా!" అని అవతలి జట్టు మొత్తుకుంది.

దివాను లేచాడు. "నటనా? ఎముక విరిగింది! కాదని తేలితే మీసం తీయించుకుంటా!"

బుడ్డయ్య వెదురుబద్దలతో వెళ్లి మోకాలు నొక్కి చూశాడు. "దివానుగారు చెప్పింది నిజం ప్రభూ. ఎముక రెండు ముక్కలైంది. నలుగురు అదిమిపట్టుకుంటే లాగి సరిచేస్తాను. ఆపైన మూడు నెలలు మంచం దిగకూడదు."

నలుగురూ వచ్చేలోపే వీరభద్రుడు లేచి పరుగో పరుగు! ఆ తర్వాత ఒక్కడూ పడలేదు. గిన్నె మునిగేసరికి దివాను జట్టు ఓడిపోయింది.

దివాను కండువాతో మీసం కప్పుకుని వచ్చాడు. "రాజుగారి ముందు నన్ను అబద్ధాలకోరును చేస్తావురా?"

బుడ్డయ్య చేతులు కట్టుకున్నాడు. "అయ్యో దొరా, విరిగిందనే కదా నేనూ చెప్పాను! మన మాట కాదన్నది వీరభద్రుడే."