శుభలేఖ మందం

మస్తానయ్యను ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు పానా అందించమంటాడు. జవాబు తెలిసినా అంతే, తెలియకపోయినా అంతే. అందుకే ఊళ్లో సగంమంది ఆయన్ని జ్ఞాని అంటారు, మిగతా సగం చెవిటివాడంటారు. కిరసనాయిలు ఇంజన్ల మరమ్మతు మాత్రం కాలవకి రెండు వైపులా ఆయనదే.

ఆయన శిష్యుడు సుబ్బారాయుడు. భార్య తిరుపతమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది మొదలు రోజూ సాయంత్రం సైకిలెక్కి అత్తారింటికి పోయేవాడు. ఆమె మంచం పక్కనే కూర్చుని, ఆమె నిద్రపోతే నిద్రపట్టిందా అని అడిగి, భోంచేసి వచ్చేవాడు. పెరట్లో కోళ్లు తగ్గిపోతున్నా అత్తగారు పైకి అనలేదు. చివరికి ఆ ఉదయం బావమరిది వచ్చి, "బావా, అక్క కబురు చెప్పమంది. కొన్నాళ్లు రావద్దంట. తనే పిలుస్తానంది," అని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సుబ్బారాయుడు ఊరుకోలేదు. సాయంత్రానికి బండి మాట్లాడాడు. నెలలు నిండుతున్న మనిషైనా సరే, ఇంటికి తెచ్చేసుకోవాలని నిశ్చయించుకున్నాడు. వెళ్లేముందు గురువుగారి చేత ఔననిపించుకుంటే బలంగా ఉంటుందనుకున్నాడు.

"గురువుగారూ, మొగుడూ పెళ్లాం అన్నాక అంటిపెట్టుకుని ఉండటం తప్పా?"

"పానా ఇలా ఇయ్యి," అన్నాడు మస్తానయ్య. తీసుకుని, మళ్లీ శిష్యుడి చేతికే ఇచ్చాడు. "ముందు ఆ ఇంజను సంగతి చూడు."

అది కాలవ అవతల కూరగాయల తోట వేసే నాంచారమ్మది. నాంచారమ్మ మస్తానయ్యకి స్వయానా అక్క. ఆమె కూతురి పెళ్లిలో గుత్తొంకాయ కూరకి ఉప్పు తగ్గిందని తమ్ముడన్నాడు. నువ్వు కుదిర్చిన వంటవాడేగా అని అక్క అంది. ఆ ఉప్పు ఇంతవరకూ ఎవరూ సరిచెయ్యలేదు. ఇంజను చెడితే పాలేరు తెచ్చి దింపుతాడు, బాగైతే సుబ్బారాయుడు తీసుకెళ్లి దింపుతాడు. అక్కాతమ్ముళ్ల మధ్య రాకపోకలన్నీ ఆ ఇంజనువే.

సుబ్బారాయుడు చక్రం మీది మూత తీశాడు. లోపల ఎదురెదురుగా మినపగింజలంత పాయింట్లు రెండు, మాడి నల్లగా ఉన్నాయి. గీకి, తుడిచి, శుభ్రం చేశాడు. మనసులో ఉన్నది చేతుల్లోకి దిగిందేమో, రెంటినీ బాగా దగ్గరికి జరిపి, ఎప్పటికీ విడిపోకుండా ఆనించి మర బిగించాడు. తాడు చుట్టి లాగాడు. ఇంజను దగ్గనైనా లేదు. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పురవ్వ జాడే లేదు.

"కలిసే ఉన్నాయి గదండీ," అన్నాడు.

"అదేరా దాని జబ్బు. చక్రంలో ఉన్న అయస్కాంతం కాయిలు పక్కనుంచి తిరుగుతుంటే అందులో కరెంటు పుడుతుంది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ అది అక్కడే చుట్టూ తిరుగుతుంటుంది. అవి విడిపోయినప్పుడే ప్లగ్గు దగ్గర రవ్వ దూకేది."

సుబ్బారాయుడు మొహం ముడుచుకున్నాడు. అయితే విడగొడతానన్నట్టు, రోషంగా బాగా ఎడం పెట్టి బిగించాడు. ఈసారి లాగితే తాడు ఎదురు తన్ని, చెయ్యి మోచేతిదాకా జివ్వుమంది.

మస్తానయ్య నవ్వలేదు. "మరీ ఎడమైతే వేళకి ముందే విడిపోతాయి. రవ్వ ముందే పడి, ఇంజను ఎదురు తిరుగుతుంది," అంటూ గూట్లోంచి నూనె మరకల శుభలేఖ ఒకటి తీశాడు. కొలత రేకు పోయినప్పటినుంచి ఆయన పాయింట్ల మధ్య ఎడం పెట్టేది ఆ కార్డుతోనే. సరైన మందం దానికొక్కదానికే ఉందంటాడు. తర్వాత ఊళ్లో చాలా పెళ్లిళ్లయ్యాయి, ఇంటింటికీ కార్డులు పంచారు, ఒక్కటీ ఆయనకి కుదరలేదు.

"చక్రం తిప్పి, అవి ఎంత విడిపోతాయో అంతా విడిపోనీ. అప్పుడు కార్డు పెట్టు. ఇరుక్కోకూడదు. ఊరికే జారిపోనూ కూడదు. జారుతున్నట్టు వేళ్లకి తెలియాలి."

సుబ్బారాయుడు అలాగే చేశాడు. ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. దాని చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాడు. ఇంతలో బండివాడు వచ్చి వాకిట్లో కేకేశాడు.

"ఇవాళ అత్తారింటికి వద్దులే," అన్నాడు సుబ్బారాయుడు. "పిలుపు రానీ."

చెయ్యి రుద్దుకుంటూ కార్డు గూట్లో పెట్టబోయి తిప్పి చూశాడు. అంచున పసుపు ఇంకా పోలేదు. లోపల పెళ్లికూతురి తల్లిగా నాంచారమ్మ పేరుంది.

"గురువుగారూ, విడిపోయినవి మళ్లీ కలవకపోతేనో?"

మస్తానయ్య పానా అడగలేదు. ఇంజను ఆపి, చేతులు కడుక్కుని, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"బండి ఖాళీగానే ఉందిగా. ఇంజను ఎక్కించు," అన్నాడు. "ఇవాళ నేనే దింపొస్తాను."