గుర్రప్ప బిగించిన బేరింగు

గుర్రప్పకు కోపం వచ్చింది. న్యాయమైన కోపమే. చిక్కంతా అక్కడే ఉంది. అన్యాయమైన కోపమైతే కాసేపటికి మనిషికే సిగ్గేసి చల్లారుతుంది. న్యాయమైన కోపం అట్లా కాదు, నడినెత్తికెక్కి కూర్చుంటుంది. దిగమంటే దిగదు.

గువ్వలచెరువు ఘాటు పైన, పాలకోవా అంగళ్లు దాటాక దస్తగిరి ఉస్తాద్ మెకానిక్ షెడ్డు ఉంది. ఉస్తాద్‌కు వయసు పైబడింది. చేతులు వణుకుతాయి, మోకాళ్లు వంగవు. నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేసుకుంటాడు. పనంతా శిష్యుడు గుర్రప్పదే. మీసాలు రాకముందు చేరినవాడు, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. వాడి పనికి వంక పెట్టేవాడు ఆ రోడ్డు మీద లేడు. ఆ సంగతి వాడికి కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆ పొద్దున ఒక పెద్ద మోటారు సైకిలు వచ్చి ఆగింది. దూరప్రయాణాలకు చేసిన బండి. రెండు పక్కలా పెట్టెలు, ముందు గాలి తగలకుండా పెద్ద అద్దం. నడిపేది ప్రద్యుమ్న అనే బెంగళూరు మనిషి. వెనక ఆయన భార్య మైథిలి. శ్రీశైలం మీదుగా ఉత్తరానికి, హిమాలయాల దాకా పోవాలని ఇద్దరూ బయల్దేరారట.

గుర్రప్ప వెనక చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపాడు. ఊడబోయే పన్ను మాదిరి కదిలింది.

"బేరింగు పోయింది సార్."

ఇట్లాంటి బండ్లకు చైను ఉండదు. ఇంజను నుంచి షాఫ్టు వచ్చి వెనక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం భారమంతా ఒక పెద్ద బేరింగు మోస్తుంది. అది పగిలిందంటే చక్రం పక్కకు వాలుతుంది, నూనె కారి టైరుకు అంటుకుంటుంది. ఆ తర్వాత ఏ మలుపులో పడేదీ దేవుడికే తెలియాలి.

"పోవడమేంటి? బయల్దేరే ముందే కొత్తది వేయించాను!" అన్నాడు ప్రద్యుమ్న.

"మదనపల్లె దాటినప్పటి నుంచీ చెప్తున్నాను," అంది మైథిలి. "నా కింద ఏదో ఊగుతోందని. గాలికి అట్లా అనిపిస్తుందన్నావు."

"నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

ఆమె హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

గుర్రప్ప చక్రం ఊడదీసి, లోపలి సామాను గుడ్డ మీద పరిచాడు. బేరింగులోని గుండ్ల మీద పొక్కులు లేచి ఉన్నాయి. దాని పక్కన ఉండే పలచటి ఇనుప రేకును వేళ్ల మధ్య పట్టుకుని చూపించాడు. దాన్ని షిమ్ము అంటారు. మందం ఎక్కువైతే బేరింగు బిగుసుకుని కాలిపోతుంది, తక్కువైతే ఊగుతుంది. ఏ రెండు బేరింగులూ అచ్చంగా ఒక్క తీరున ఉండవు. కాబట్టి కొత్త బేరింగు వేసినప్పుడల్లా కొలిచి, దానికి సరిపోయే షిమ్ము వేయాలి.

"కొత్త బేరింగేసి పాత షిమ్మే పెట్టినారు సార్. కొలవనే లేదు. ఇట్ల చేసినోణ్ని తన్నాల," అన్నాడు గుర్రప్ప. "మనుషులు తిరిగే బండి సార్ ఇది! ఇంత కండకావరమా?"

నిజమే చెప్పాడు. కాని ఆ పని చేసినవాడు ప్రద్యుమ్న ఏరికోరి వెతుక్కున్న మనిషి. నిజం వినగానే మనిషికి ముందు పొడుచుకొచ్చేది కోపమే గదా.

"రోడ్డు పక్కన సుత్తి పట్టుకునేవాళ్లు నాకు పాఠాలు చెప్తారా?" అని అరిచాడు. కుర్చీలో ఉన్న ఉస్తాద్ వైపు చెయ్యి చూపించాడు. "టీ గ్లాసు కూడా తిన్నగా పట్టుకోలేని ఈ ముసలాయన దగ్గరేనా నువ్వు నేర్చుకుంది? నా దగ్గర స్పేరు బేరింగుంది. వెయ్. నోరు మూసుకుని వెయ్. చాలు."

గుర్రప్ప చేతిలో బోల్టులు విప్పే రించి ఉంది. అది ఎత్తకుండా ఆగాడంటే ఉస్తాద్ అక్కడ ఉండబట్టే.

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. "పని చూడు అబ్బీ," అన్నాడు. అంతే.

ప్రద్యుమ్న విసురుగా టిఫిను కోసం అంగళ్ల వైపు నడిచాడు. మైథిలి ఒక్క క్షణం నిలబడి, "తప్పుగా అనుకోకండి తాతా," అని ఉస్తాద్‌తో అని, భర్త వెనక పోయింది.

గుర్రప్ప పని మొదలుపెట్టాడు. పని కాదు, కసి. బేరింగు కూర్చునే ఇనుప గూడును బ్లోలాంపు మంటతో వేడి చేశాడు. నీటిబొట్టు వేస్తే చిటపటలాడి ఎగిరేదాకా చేశాడు. స్పేరు బేరింగును అందులో దించాడు. చేతులు ఇన్నేళ్ల అలవాటు కొద్దీ వాటంతట అవే కొలిచాయి. పాత షిమ్ము దీనికి మందం ఎక్కువ. సానరాయి మీద నూనె వేసి అరగదీయాలి. కాసింత రుద్దడం, తీసి కొలవడం, మళ్లీ రుద్దడం. పొద్దు వాలేదాకా పట్టే పని.

ఎవరి కోసం? ఉస్తాద్‌ను ఆ మాటన్నవాడి కోసమా? అరచేతులు అరగదీసుకుని వాడికి సేవ చేయాలా?

గుర్రప్ప పాత షిమ్మునే లోపల పెట్టాడు. పైన మూత పెట్టి, చక్రం ఎక్కించి, బోల్టులు బిగించాడు. ఒక్కో బోల్టుకూ ఒక్కో బూతు. 'నోరు మూసుకుని వెయ్యమన్నాడు గదా, వేసినా. కడప దాకా ఢోకా లేదు. శ్రీశైలం అడివిలో ఎక్కడో కూలబడినప్పుడు తెలుస్తుంది నా కొడుక్కు!' పొద్దున తన్నాలన్నాడే, ఆ మనిషి చేసిందీ ఇదే. ఆ మనిషి తెలియక చేశాడేమో. వీడు తెలిసి చేశాడు.

ఉస్తాద్ కర్ర ఊతం చేసుకుంటూ వచ్చాడు. స్టాండు మీద గాల్లో ఉన్న వెనక చక్రాన్ని ఒక వేలితో తోశాడు. అది తిరిగి, బిగుసుకున్నట్టు తొందరగానే నిలిచిపోయింది.

"అయిందా?"

"అయింది ఉస్తాద్."

"కొలిచినావా?"

"కొలిచినా."

అబద్ధం కాదు. కొలిచాడు. కొలిచి గాలికొదిలేశాడు.

ఏ బండికి చక్రం పని చేసినా, ఘాటులో మొదటి మలుపు దాకా దించి, మళ్లీ ఎక్కించి చూడాలనేది ఆ షెడ్డు కట్టుబాటు. ఎప్పుడూ గుర్రప్ప ఒక్కడే పోతాడు. వాడు బండెక్కి స్టార్టు చేశాడు. ఉస్తాద్ కర్ర గోడకు ఆనించి, వాడి భుజం పట్టుకున్నాడు.

"ఏంది ఉస్తాద్?"

"నేనూ వస్తా."

"మీరా! ఆ మోకాళ్లతో యాడికి?"

ఉస్తాద్ కాలెత్తబోయాడు, అందలేదు. పక్క పంక్చరు అంగడి సుబ్బన్న పరుగున వచ్చి నడుము పట్టుకుని ఎత్తాడు. నొప్పికి ముసలాయన పళ్లు బిగపట్టాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎట్లాగో కూర్చున్నాడు. వణికే రెండు చేతులతో గుర్రప్ప నడుము చుట్టి పట్టుకున్నాడు.

"పోనీ. మొదటి మలుపు గాదు, కడప దాకా."

బండి కదిలింది. దిగుడు మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బండి బాగానే పోతోంది. బాగానే పోతుందని గుర్రప్పకు ముందే తెలుసు. అయినా వాడి చెవులు రెండూ వెనక చక్రం దగ్గరే ఉన్నాయి. కింద నుంచి లారీ హారను కొడుతూ ఎక్కింది. ఉస్తాద్ చేతులు ఇంకాస్త గట్టిగా చుట్టుకున్నాయి. ఆ చేతుల వణుకు వాడి పొట్టకు తగులుతోంది.

మొదటి మలుపు తిరగ్గానే వాడు బండి పక్కకు తీసి ఆపాడు. వంగి, చక్రం మధ్య గూడును తాకి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంత కొంచెం దూరానికే కాలుతోంది.

"దిగండి ఉస్తాద్."

"ఏమప్పా? బాగనే వస్తాంది గదా."

"దిగండంటాండా!" అని అరిచాడు గుర్రప్ప. ఉస్తాద్ మీద వాడు గొంతెత్తడం అదే మొదలు. రెండు చేతులా ఎత్తి ఆయన్ను దించి, పిట్టగోడ మీద కూర్చోబెట్టాడు. తర్వాత బండిని వెనక్కి తిప్పి, తలొంచుకుని నిలబడ్డాడు. కోపం మాత్రం ఇంకా పోలేదు. అది ఇప్పుడు ఎవరి మీదో వాడికి తెలియడం లేదు.

"ఆయప్ప మిమ్మల్ని ఎంత మాటన్న్యాడు!"

"అన్న్యాడు."

"నాకు కోపం రాకూడదా?"

"రావాల్సిందే. నాకూ వచ్చింది."

"మల్ల యాడ పెట్టుకోమంటారు దాన్ని?"

"నీ దగ్గరే పెట్టుకో. బండిలో పెట్టి పంపిస్తే ఎట్ల?"

గుర్రప్ప బండిని ఎగువకు తోయడం మొదలుపెట్టాడు. కొండంత బరువు. చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఉస్తాద్ వెనక సీటు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ పక్కన నడుస్తున్నాడు. కొంత దూరం పోయాక గుర్రప్ప ముఖం తిప్పకుండానే అడిగాడు.

"చక్రం తిప్పినప్పుడే మీకు తెలిసిపోయిండ్య గదా. తెలిసి తెలిసి ఎందుకెక్కినారు ఉస్తాద్?"

ఉస్తాద్ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"తాతా అన్న ఆ బిడ్డ కూచునే సీటు గదరా ఇది. ఎట్లుంటాదో చూద్దామని."