తిప్పన్న చేతిలో ఆగిపోయే ఇంజను

తిప్పన్నను ట్రాక్టరు మీద నుంచి దింపేయాలని ఓబులేసు తీర్మానించుకున్నాడు. ఆ మాట మఠం పెద్ద సామి నోటి నుంచే రావాలని పొద్దున్నే వచ్చి ఆయన ముందు కూర్చున్నాడు.

పెనుకొండ దాటి లోపలికి పోతే కొండ కింద ఉన్న చిన్న మఠం అది. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే చోటు కాబట్టి కూరగాయలన్నీ మఠం తోటలోనే పండాలి. ఆ తోటకని ఎవరో భక్తుడు ఒక బుల్లి పెట్రోలు ట్రాక్టరు ఇచ్చాడు. దాన్ని నడిపేది తిప్పన్న, బాగుచేసేది ఓబులేసు. మఠంలో చేరకముందు ఓబులేసు మోటారు సైకిళ్ల షెడ్డులో పనిచేశాడు. శబ్దం విని ఇంజను జబ్బు చెప్పేయగలనని అతని ధీమా. ధీమా కాస్త ఎక్కువే గానీ, పని మాత్రం నిజంగానే వచ్చు.

"ఇంజన్లో ఏ లోపమూ లేదు సామీ," అన్నాడు. "ప్లగ్గు మార్చినా. కార్బురేటరు ఇప్పి కడిగినా. పాత పెట్రోలు వంపేసి కొత్తది పోసినా. నేను స్టార్టు చేస్తే చక్కగా ఆడతాది. తిప్పన్న తోలుకుపోయి నాలుగు సాళ్లు దున్నేలోపల దగ్గి దగ్గి ఆగిపోతాది. మళ్లా నేను పోయి చూస్తే బాగానే ఉంటాది. ఇంక లోపం యాడుందో మీరే చెప్పండి."

"నువ్వే చెప్పు," అన్నాడు సామి.

"ఆయప్ప చేతిలో ఉంది. మళ్లా గేటు కాడనే కూర్చోబెడదాం సామీ. బండి నేనే తోలుకుంటా."

తిప్పన్న గుమ్మం పక్కన నిలబడి అంతా వింటున్నాడు. చిన్నప్పుడే ఒక కాలు సన్నబడిపోయిన మనిషి. పార పట్టలేడు, గంప మోయలేడు. ట్రాక్టరు రాకముందు ఏళ్ల తరబడి గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల చెప్పులకు కాపలా కాశాడు. అది వచ్చాకే అందరితోపాటు తోటలో పనిచేసి, ఒంటికి మట్టి అంటించుకుని, అందరితోపాటు ఆకలేసి భోజనానికి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు అదంతా పోయేలా ఉంది.

"నువ్వేమంటావు తిప్పన్నా?" అని సామి అడిగాడు.

"నా కిందనే ఆగిపోతా ఉంది సామీ. లేదని ఎట్ల చెప్పేది?"

సామికి ఉపన్యాసాలు గిట్టవు. నాలుగు మంచి మాటలు చెప్పమని వచ్చినవాళ్ల చేతికి చీపురిచ్చి పంపిన మనిషి ఆయన. ఇప్పుడూ అంతే, లేచి, పంచె ఎగ్గట్టి, తోట వైపు నడిచాడు.

ముందు రోజు వాన పడి నేల మంచి పదును మీద ఉంది. వంగ నారు వేయాల్సిన మడి ఇంకా సగం దున్నకుండా మిగిలింది.

"ఓబులేసూ, నువ్వెక్కు. తిప్పన్న గట్టు మీద కూర్చుంటాడు."

ఓబులేసుకు కావలసింది అదే. ట్యాంకు మూత తీసి పెట్రోలు చూసుకున్నాడు. మూత గట్టిగా బిగించి స్టార్టు చేశాడు. ఇంజను ఒక్క లాగుకే అందుకుని చక్కగా ఆడింది. చూశారా అన్నట్టు సామి వైపు తిరిగి, "చాలునా సామీ?" అన్నాడు.

"చాలదు. దున్ను."

మొదటి సాలు బాగా సాగింది. రెండోదీ బాగానే సాగింది. ఓబులేసు నడుము నిటారుగా పెట్టి పెళ్లికొడుకులా కూర్చున్నాడు. సామి బురదలో పక్కనే నడుస్తూ వచ్చాడు. ఆ తర్వాతి సాలు మధ్యలో ఇంజను ఒకసారి గుటకేసింది. ఓబులేసు చోకు లాగాడు. ఇంజను దగ్గింది. చోకు వదిలాడు. ఇంకా గట్టిగా దగ్గింది. అతని మెడ మీద చెమట పట్టింది.

గట్టు మీద తిప్పన్న ఆదుర్దాగా లేచి నిలబడ్డాడు. "ఆగనీయొద్దు ఓబులేసా! ఎక్సిలేటరు సన్నగా ఇయ్యి, సన్నగా!"

ఆ గొంతులో ఎగతాళి ఇసుమంత కూడా లేదు. అందుకే ఓబులేసుకు సిగ్గేసింది.

సామి చెయ్యి చాపి ట్యాంకు మూతను కొంచెం వదులు చేశాడు. ట్యాంకు లోపలికి స్‌స్‌మని గాలి పోయిన శబ్దం వినిపించింది. దగ్గుతున్న ఇంజను సర్దుకుని మళ్లీ హాయిగా ఆడింది.

సామి మూత బిగించేశాడు. "ఇంకా పోనీ," అన్నాడు.

ఇంకొన్ని సాళ్లు పోయాక మళ్లీ దగ్గు మొదలైంది. సామి మళ్లీ మూత వదులు చేశాడు. దగ్గు తగ్గింది.

ఈసారి ఆయన సైగ చేస్తే ఓబులేసు గేరు తీసి బండి నిలిపాడు. సామి మూతను పూర్తిగా తీసి అతని అరచేతిలో పెట్టాడు.

పెట్రోలు కిందికి దిగేకొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలి. దానికోసం మూత నడుమ సూది దూరేంత బెజ్జం ఉంటుంది. ఆ సంగతి ఓబులేసుకు తెలుసు. బెజ్జం మాత్రం కనిపించలేదు. దాని మీద ఆయుధపూజనాటి బొట్టు ఉంది, దట్టమైన పసుపూ గంధమూ, నడుమ కుంకుమ. బండికంతా పైనుండే చోటు అదేనని ఓబులేసే భక్తిగా బొటనవేలితో అదిమి పెట్టాడు. తర్వాత ఇంజనంతా విప్పి కడిగినప్పుడు కూడా, దేవుడి బొట్టు కదా అని దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

స్టార్టు చేసే ముందు ప్రతిసారీ మూత తీసి చూడడం అతని అలవాటు. తిప్పన్నకు ఆ అలవాటు లేదు. ఓబులేసు మూత తీసినప్పుడల్లా ట్యాంకులోకి గాలి పోయి, ఇంజను కాసేపు బాగానే ఆడేది.

సామి కంచెలోంచి ఒక ముల్లు విరిచి, ఆ మూత తీసుకుని, బెజ్జంలోని పసుపు గీకి ఉఫ్‌మని ఊదాడు. మూత మళ్లీ ట్యాంకుకు బిగించాడు.

"బొట్టు నుదుటికి పెట్టాల నాయనా," అన్నాడు. "ముక్కుకు కాదు."

ఓబులేసు ఇంజను ఆపకుండానే కిందికి దిగాడు. గట్టు దాకా నడిచి, తిప్పన్న ముందు వంగి, ఎక్కేందుకు రమ్మని భుజం ఇచ్చాడు.